నాలుగు నిలువుల లోతు

మాస్కు అద్దానికి నల్ల టేపు అంటించారు కాబట్టి కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. అయినా భిక్షపతి తెరిచే ఉంచాడు. మూసుకుంటే చచ్చినవాడిలా ఉంటుందని. బావి అడుగున మోకాళ్ళ మీద ఉన్నాడు, మోకాళ్ళ కింద మెత్తటి బురద, తల మీద నాలుగు నిలువుల నీళ్ళు, ఆ నీళ్ళ మీద అనంతగిరి ఎండ, ఆ ఎండలో ఎవడో ట్రాక్టరు నడుపుతుంటే దాని చప్పుడు చెవుల్లోకి రాకుండా నేరుగా పళ్ళలోకి దిగుతోంది. తడుతుంది. ఎప్పుడో చెప్పదు. సిలిండరుతో నీళ్ళ అడుగుకు దిగడం నేర్పే ఆ విశాఖపట్నం పిల్ల, కవిత, పరీక్షకు ముందు గట్టు మీదే ఖరాఖండిగా చెప్పింది. "బాబాయ్, కింద మీరు సంచి వెతుకుతూ ఉంటారు. నేను వెనక నుంచి భుజం తడతాను. తట్టానంటే మీ సిలిండర్లో గాలి అయిపోయినట్టే లెక్క. నోట్లోది వదిలేసి, లాజరు గారి గుండె మీద పసుపు రంగుది ఇంకోటి వేలాడుతుంటుంది, అది అందుకుని ఆయన గాలి పీల్చాలి. మీదే మళ్ళీ నోట్లో పెట్టుకున్నారా, ఇద్దరూ ఫెయిల్." నేను తప్పు జేస్తే ఆయనెందుకు ఫెయిలైతడమ్మా అని అడిగాడు. "జోడీ కదా బాబాయ్. నీళ్ళలో ఒక్కడు అనేవాడు ఉండకూడదు" అని నవ్వింది. ఉండకూడదట. తన భార్య అలివేలు నీళ్ళలో ఒక్కతే ఉంది, మూడు పగళ్ళు, మూడు రాత్రులు. ఈ పిల్లకు ఆ సంగతి తెలియదు. తెలిస్తే లాజరును తనకు జోడీ కట్టేది కాదు. లేదా తెలిసి కూడా కట్టేదేమో, చదువుకున్నవాళ్ళను నమ్మడానికి లేదు, మనసులు కలుపుతామని ఇట్లాంటి పనులే చేస్తారు.

కుడి మణికట్టుకు తాడు. తాడు అవతలి కొస లాజరు మణికట్టుకు. నాలుగేళ్ళుగా ఆ మనిషి వేములపల్లి రోడ్డు మీద ఎదురొస్తే ఎండలోనైనా అవతలి పక్కకు దాటిపోయిన భిక్షపతి ఇప్పుడు వాడి చేతికి ఎద్దులా కట్టి ఉన్నాడు. పీల్చు. వదులు. పీల్చినప్పుడు లోపల ఏదో ఇనుప తలుపు తీసినట్టు చప్పుడు, వదిలినప్పుడు చెవుల పక్క నుంచి బుడగల మంద. ఊపిరి ఆపకూడదు. ఈ విద్యలో మొదటి మాట అదే, చివరి మాట అదే. నెల రోజులుగా ఆ పిల్ల తిట్టే తిట్టు అదొక్కటే. "మళ్ళీ ఆపారు! బుడగలు రావట్లేదు నాకు!" ఆపడమే కదా ఈత. చిన్నప్పుడు వీపుకు ఎండిన ఆనిగెపు కాయ బుర్ర కట్టి నాయిన బావిలోకి తోసినప్పుడు మొదట నేర్చింది దమ్ము పట్టడమే. ఎవడు ఎక్కువసేపు దమ్ము పడితే వాడు మొగోడు. మోట బావిలో రూపాయి బిళ్ళ వేస్తే అడుగుకు పోయి పళ్ళ మధ్య కరుచుకుని వచ్చేవాళ్ళు. ముక్కులోంచి రక్తం కారేది, నవ్వేవాళ్ళు. ఇప్పుడు యాభై దాటాక వీపుకు మళ్ళీ బుర్ర కట్టారు, ఇనుప బుర్ర, ఇది తేల్చదు, ముంచుతుంది, పైగా నడుముకు సీసపు బిళ్ళల పట్టీ. ఇక దమ్ము పట్టొద్దంటారు. పట్టి పైకి లేస్తే లోపలి గాలి ఉబ్బి ఊపిరితిత్తులు పగులుతాయట. ఒక్క ఊపిరే కాదు, నీళ్ళు తాకగానే బతుకంతా బిగబట్టుకునే వాడికి, వదులు వదులు అంటే ఎట్లా వదులుతాడు.

సూర్యాపేటలో ఈతకొలను దగ్గర మొదటి రోజు ఈ వేషంతో నడిచి వస్తుంటే గట్టు మీద కూర్చున్న కాలేజీ పోరగాళ్ళు ఒకటే ఇకఇకలు. "అరేయ్, తాత గ్యాస్ బండ డెలివరీకి వచ్చిండ్రో! జర లోపల పెట్టు తాతా, రెగ్యులేటరు సరిగ్గ పెట్టు." భిక్షపతి ఆగి, "మీ ఇంటిదే బిడ్డా. నీ అమ్మను పిల్వు, దించుకుంటది" అన్నాడు. వాళ్ళు ఇంకా నవ్వారు. వెనక నడుస్తున్న లాజరు కూడా నవ్వాడు, అప్పుడు తల తిప్పి ఒక్క చూపు చూస్తే నోరు మూశాడు. నల్లగా, పలచగా, గొంతెముక పొడుచుకొచ్చి, మెడలో శిలువ దారం, మనిషి చూడ్డానికి అప్పుడే నీళ్ళలోంచి లేచి వచ్చినట్టు ఎప్పుడూ తడిగానే ఉంటాడు. కాల్వ వెంట పది ఊళ్ళకు గజ ఈతగాడు. ఎవరు పడినా ముందు అతనికే ఫోను. మాడుగులపల్లి దగ్గర కొట్టుకుపోతున్న పిల్లను జుట్టు పట్టి లాగి బతికించాడని చర్చిలో శాలువా కప్పారు. శాలువా కప్పుకున్నవాడికి ఇంకేం కావాలి. లాజరు రెండుసార్లు మునిగి లేచి లేడంటే లేడు, లేదంటే లేదు, పోలీసు కూడా ఆ మాటే రాసుకునేవాడు.

చెయ్యి చాపాడు. బురద మీద అరచెయ్యి ముందుకు జరపాలి, కొడవలి తిప్పినట్టు అర్ధచంద్రంగా తిప్పాలి, ఒక అడుగు జరగాలి, మళ్ళీ తిప్పాలి. ఇసుక నింపిన గోనె సంచికి పాత ప్యాంటు చొక్కా తొడిగి రాత్రే వేసి ఉంచారు. అదే మనిషి, ఇదే కాల్వ చీకటి అనుకోవాలి. వేళ్ళకు రాయి తగిలింది. కొబ్బరి పీచు తగిలింది. సీసా. మళ్ళీ రాయి. తగిలిన ప్రతిదీ ముందు మనిషే, గుండె ఒక్కసారి పైకి ఎగిరి, తర్వాత రాయి. తాడు గుంజుకుంది, పైకి. లాజరు పక్కన ఉండాలి, భుజానికి భుజం, రెండు కొడవళ్ళు కోతలో ఒకే మునుం పట్టినట్టు. పక్కన లేడు. తాడు పైకి బిగుసుకుని ఉంది. ఏం జేస్తున్నడు వీడు. ఒకసారి గుంజాడు. తాడు వదులైంది, మళ్ళీ మెల్లగా బిగిసింది, పైకే.

పాచి. కాల్వ మెట్ల మీద పాచి ఉందని అలివేలుకు తెలియదా, రోజూ దిగే మెట్లే. గేదెకు గడ్డి కోసుకుని, మోపు గట్టు మీద పెట్టి, కాళ్ళ బురద కడుక్కోవడానికి దిగింది. గట్టు మీద మోపు, మోపులో గుచ్చిన కొడవలి, మెట్టు మీద ఒక చెప్పు. అంతే. తను అప్పుడు పై గేటు దగ్గర ఉన్నాడు. లష్కరు పని, కాల్వ గేట్లు ఎత్తేవాడు దించేవాడు, చేతిలో తాళం ఉంటుంది గానీ మాట ఉండదు, పై నుంచి చెబితే తిప్పాలి, చెప్పకపోతే ముట్టకూడదు. పరుగెత్తుకు వచ్చేసరికి లాజరు అప్పటికే నీళ్ళలో ఉన్నాడు. కాల్వ నిండుగా ఉంది, నురగ కడుతూ పోతోంది. మునిగాడు, లేచాడు. మునిగాడు, లేచాడు. మెట్టు పట్టుకుని ఆయాసపడుతూ, "అడుగంత దేవులాడిన అన్నా. గీడ లేదు. నీళ్ళు గుంజుకపోయినయ్, కిందికి పోయి సూడుర్రి" అన్నాడు. లాజరు అన్నాక ఇంకేముంది. ఊరంతా కిందికి పరుగెత్తింది, వంతెన దాకా, ఆ తర్వాతి వంతెన దాకా, బైకుల మీద, టార్చీలతో. తను కూడా. మెట్ల దగ్గర ఎవరూ లేరు. గేటు దించుదాం, నీళ్ళు తగ్గితే కనబడుతుంది అంటే కింది ఊళ్ళ రైతులు వచ్చి గేటు మీద కూర్చున్నారు, వరి పొట్ట మీద ఉంది, ఇప్పుడు నీళ్ళు ఆపితే మా బతుకులు ఖతం, పోయిన మనిషి ఎట్లాగూ పోయింది. ఆ చివరి మాట ఎవరు అన్నారో భిక్షపతికి గుర్తుంది. ముఖం, మీసం, జేబులో పెన్ను అన్నీ గుర్తున్నాయి. వారబందీ వంతు ప్రకారం నీళ్ళు ఆగే రోజు వచ్చాక ఆగాయి. అలివేలు మెట్ల కిందే ఉంది. దిగిన చోటే. కొంగు రాతి సందులో ఇరుక్కుని. మూడు నాళ్ళు తను కింద ఊళ్ళన్నీ తిరిగి పిలిచింది ఎవరిని.

పోయిన ఏడు మిర్యాలగూడలో బియ్యం మిల్లు సేటు కొడుకు కారు కాల్వలో పడింది. పొద్దున పడితే పగటి భోజనాల వేళకు పైనుంచి ఫోను, గేటు దించు అని. తనే తిప్పాడు. చక్రం తిప్పుతుంటే చేతులు నొప్పి లేవు, అదే ఆశ్చర్యం, వెన్నలా తిరిగింది. అప్పుడు కూడా వరి పొట్ట మీదే ఉంది. ఎవరూ వచ్చి కూర్చోలేదు. ఆ దుఃఖంలో మిల్లుల వాళ్ళంతా కలిసి ఈ సిలిండర్లు తెప్పించారు, నేర్పడానికి విశాఖ నుంచి మనిషిని పిలిపించారు, కాల్వ పక్క ఊళ్ళలో ఈత వచ్చిన వాళ్ళు పేర్లివ్వండి అని చాటింపు. భిక్షపతి అందరికంటే ముందు ఇచ్చాడు. ఈ వయసులో నీకెందుకు అని అడిగిన ప్రతివాడికీ ఒకటే చెప్పాడు: "గేటు దించుర్రి అని ఇగ ఎవరి కాళ్ళు మొక్కొద్దు. నేనే దిగి సూసుకుంట." ఎవరిని చూసుకుంటాడో వాళ్ళు అడగలేదు. రెండో రోజు లాజరు పేరు కూడా చేరింది. చేరకపోతే గజ ఈతగాడు ఎట్లా అవుతాడు. ఈ రోజు పాసైతే ఈ సామాను వేములపల్లిలో తన ఇంట్లోనే ఉంటుంది, ఎప్పుడు ఎవరు పడినా తను దిగొచ్చు. ఫెయిలైతే మళ్ళీ గట్టు మీదే, నీళ్ళలోంచి ఎవడో లేచి ఏం చెబుతాడా అని వాడి నోటివంక చూస్తూ.

తట్టింది.

తట్టిందా, చేప తగిలిందా. మళ్ళీ. భుజం మీద రెండు చిన్న దెబ్బలు, ఆడపిల్ల చెయ్యి. మౌత్‌పీస్ వదిలాడు. పెదాల మీద చల్లగా నీళ్ళు. నోరు బిగించాడు, అంతే, పాత విద్య పరుగెత్తుకుంటూ వచ్చింది, దమ్ము, రొమ్ములో రాయిలా కూర్చుంది, ఎంత హాయిగా ఉందంటే నెల రోజులుగా పరాయి ఇంట్లో ఉండి సొంత ఇంటికి వచ్చినట్టుంది. ఉండగలడు. వాడి గాలి అక్కర్లేదు. ఎంతసేపైనా. బుడగలు వదలాలి, సన్నగా వదలాలి. వదలలేదు. తన మౌత్‌పీస్ భుజం పక్కనే ఊగుతూ చెంపకు తగులుతోంది. పెట్టుకుంటే అయిపోతుంది, గట్టు మీద కూర్చోవచ్చు. వాడిది పీల్చనంటే పీల్చను అని ఎవరితో చెప్పుకుంటాడు. అలివేలుకు ఇంత కూడా లేదు, నోటి ముందు ఇట్లా ఊగడానికి. తాడు గుంజాడు. రా. రాలేదు. ఇంకా గుంజాడు. అవతల మనిషి కాదు, మేకు. రొమ్ములో రాయి వేడెక్కింది. అప్పుడు బుడగలు వదిలాడు, కొద్దికొద్దిగా, తాడు పట్టుకుని చెయ్యి మీద చెయ్యి వేసి పైకి పోయాడు, నిలువెడు, ఇంకా కొంచెం, పాదం తగిలింది.

పాదం వణుకుతోంది. చలికి కాదు, వేసవి బావి ఇది. మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని, ఒక చేత్తో మోటారు పైపు కావలించుకుని, గబ్బిలంలా ఉన్నాడు లాజరు. భిక్షపతి చేతులు అతని తొడ మీద నుంచి, కడుపు మీద నుంచి, రొమ్ము మీదకు పాకాయి, శిలువ దారం తగిలింది, దాని పక్కన రబ్బరు తగిలింది. పళ్ళ మధ్య పెట్టుకుని ఊది నీళ్ళు తోసి పీల్చాడు. గాలి వచ్చింది. తియ్యగా ఏమీ లేదు, చేదుగా ఏమీ లేదు, గాలే. ముఖానికి ముఖం జానెడు దూరం. ఒకే సిలిండర్‌కు రెండు నోళ్ళు, ఒకే పొదుగుకు రెండు దూడలు. తను ఒకసారి పీల్చేలోపు అవతల నాలుగుసార్లు. పీల్చడం కాదది, ఎగపోత. అరచేతి కింద రొమ్ము పిట్ట గుండెలా కొట్టుకుంటోంది. ఇంతమంది శవాలు తీసినవాడు. ఏం తీశాడు. మాడుగులపల్లి పిల్ల పైనే కొట్టుకుపోతోంది. మిగతా వాళ్ళు తేలాక తీసినవాళ్ళు. తేలనివాళ్ళ దగ్గర మునిగాడు, లేచాడు, లేదన్నాడు. అడుగు. వాడు అడుగు తాకలేదు. ఎప్పుడూ తాకలేదు. కింద చీకటి మొదలయ్యే చోట ఆగి, ఇట్లాగే ముడుచుకుని, కొంతసేపు ఉండి పైకి వస్తాడు, గట్టు మీద శాలువా కప్పినవాళ్ళు చూస్తుంటారు. మెట్ల దగ్గర ఆ రోజు కూడా ఇట్లాగే ఏదో ఒక రాయి పట్టుకుని ఉంటాడు. కాళ్ళ కింద నిలువెడు దూరంలో అలివేలు. అప్పుడు బతికి ఉందేమో కూడా. నాలుగేళ్ళుగా వాడు సరిగ్గా వెతకలేదనుకున్నాడు, బద్ధకమనుకున్నాడు, పొగరనుకున్నాడు. భయమనుకోలేదు. ఈ భయాన్ని ఏం చెయ్యాలి, దీన్ని ఎట్లా ద్వేషించాలి, బద్ధకమైతే బాగుండేది. పళ్ళ మధ్య వాడి గాలి పెట్టుకుని వాడిని చంపాలనిపించింది. పైపు నుంచి ఆ చెయ్యి విడదీస్తే చాలు. విడదీయలేదు. పీల్చాడు.

పైన ఎండ మొహం మీద పడగానే మాస్కులు నుదుటికి నెట్టారు. కవిత బావి మెట్టు పట్టుకుని, ముక్కు చీదుకుని, "సంచి దొరకలేదు. సరే. గాలి పంచుకోవడం అయితే చేశారు, పైకి వచ్చేటప్పుడు చూశాను. కానీ అంత ఆలస్యమేంటి బాబాయ్? దమ్ము పట్టారు కదూ?" అంది.

"పట్టిన."

"నిజం చెప్పారు, బతికించారు. లాజరు గారూ, మీరు కింద మోకాళ్ళ మీద ఉన్నారా? అక్కడ బురద లేచి నాకు తాడు తప్ప ఏమీ కనబడలేదు."

లాజరు పెదాలు నీలంగా ఉన్నాయి. మెట్టును రెండు చేతులతో పట్టుకున్నాడు. "ఉన్న మేడం. అడుగంత దేవులాడిన. లేదు."

అదే గొంతు. అదే ఆయాసం. ఒక్క అక్షరం మారలేదు. భిక్షపతి మెట్టు మీది ఆ చేతుల వంక చూశాడు. తన గోళ్ళలో నల్లటి ఒండ్రు ఉంది, మణికట్టు దాకా బురద చారలున్నాయి. లాజరు చేతులు పూజారి చేతుల్లా శుభ్రంగా, కడిగినట్టు. కాల్వ మెట్ల దగ్గర ఆనాడు కూడా ఈ చేతులు చూశాడు. చూసి కూడా కిందికి పరుగెత్తాడు.

"అవునా బాబాయ్? అడుగంతా చూశారా ఇద్దరూ?"

లాజరు తల ఎత్తలేదు. ఒక్క మాట చాలు. ఈ మనిషి ఎన్నడూ దిగలేదమ్మా, పైపు పట్టుకుని ఉన్నాడు, పదూళ్ళను మోసం చేశాడు. పది ఊళ్ళకూ తెలుస్తుంది, శాలువా ఊడుతుంది. జోడీ కదా, ఆ మాటతో తన పేరు కూడా పోతుంది. పోతే పోనీ. ఆ తర్వాత? ఎవరో పడతారు. వానాకాలం ఇంకా రానేలేదు. గట్టు మీద తను, ఎవడి నోటివంకో చూస్తూ. నాలుక మీద ఇంకా రబ్బరు రుచి ఉంది.

"లేదమ్మా" అన్నాడు భిక్షపతి. "సగమే సూసినం. ఇంకో సగం ఉంది. గాలి ఉన్నదామ్మా సిలిండర్ల?"

ఆ పిల్ల ఇద్దరి సిలిండర్లకూ ఉన్న గాలి కొలిచే గడియారాలు తిప్పి చూసింది. "ఉంది. కానీ లాజరు గారిది త్వరగా అయిపోతోంది, బాగా పీల్చేస్తున్నారు. ఒక్కసారే. అది కూడా ఓపిక ఉంటేనే."

"అన్నా" లాజరు మెల్లగా అన్నాడు, నాలుగేళ్ళలో మొదటిసారి నేరుగా ముఖంలోకి చూస్తూ, "రేపు దిగుదమే. నాకు జర పానం మంచిగ లేదు."

"నాకూ లేదు. నాలుగేండ్ల సంది లేదు. పెట్టుకో."

"ఏందన్నా?"

"నోట్ల పెట్టుకో. మాస్కు దించు."

లాజరు నీళ్ళ వంక చూశాడు. పెదాలు కదిలాయి, ప్రార్థనో తిట్టో. "నువ్వు పైకి జెప్తవేమో అనుకున్న" అన్నాడు. భిక్షపతి తాడు ముడి సరి చూసుకున్నాడు. చెప్పడా? చెబుతాడేమో. ఆ మాట వీడికి ఇచ్చేది లేదు. లాజరు మాస్కు దించుకున్నాడు, మౌత్‌పీస్ పళ్ళ మధ్య పెట్టుకున్నాడు, ఎవరూ తోయకుండానే.

దిగారు. మళ్ళీ చీకటి, మళ్ళీ ఇనుప తలుపు తీస్తున్న చప్పుడు. చెవుల్లో నొప్పి, ముక్కు పట్టుకుని ఊదు, తగ్గింది. ఇంతకు ముందు తాడు ఎక్కడ బిగిసిందో అక్కడే బిగిసింది. భిక్షపతి ఈసారి గుంజలేదు. తాడును మణికట్టు నుంచి పిడికిలికి చుట్టుకున్నాడు, ఒక చుట్టు, ఇంకొక చుట్టు, చుట్టుకుంటూ పైకి పోయి లాజరు చెయ్యి పట్టుకున్నాడు. చెయ్యి చెమటతో ఉన్నట్టు జారుతోంది, నీళ్ళలో చెమట ఏమిటి. పైపు మీది రెండో చెయ్యి దానంతట అది విడిచేదాకా ఆగాడు. ఆగడం అతనికి వచ్చు. విడిచింది. కిందికి, ఒక్కొక్క జానెడు, ఆగుతూ, ఊదుతూ. అలివేలూ, నిన్ను వదిలేసిన చెయ్యి ఇది. దీన్ని క్షమించను. నువ్వు చెప్పినా క్షమించను. నీకు అసలే జాలి ఎక్కువ, గేదె తంతే కూడా దాని కాలికే నెప్పి పుట్టిందేమో అనే దానివి. మోకాళ్ళకు బురద తగిలింది. పక్కన ఇంకో రెండు మోకాళ్ళు దిగిన మెత్తటి అదురు. లాజరు బుడగలు అన్నీ ఒకేసారి పోతున్నాయి, సీసా బోర్లించినట్టు. భిక్షపతి ఆ అరచెయ్యి విప్పి, వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి, బురదలో అదిమాడు. పైన తన చెయ్యి పెట్టి అదిమాడు. చూడు. ఇంతే. ఇంకేం లేదు కింద. చెయ్యి కొయ్యలా బిగుసుకుపోయింది. పైకి లేవాలని చూసింది. లేవనివ్వలేదు. ఎంతసేపు. పీల్చు, వదులు, పీల్చు. చప్పుళ్ళు రెండు, మొదట ఒకటి వేగంగా ఒకటి నెమ్మదిగా, తర్వాత అంత వేగంగా కాదు. అరచేతి కింద ఒక వేలు కదిలింది. తర్వాత పక్క వేలు. భిక్షపతి తన చెయ్యి తీశాడు. లాజరు చెయ్యి కాసేపు అక్కడే ఉండి, మెల్లగా, బురదను పక్కకు తీస్తూ, ముందుకు పాకడం మొదలుపెట్టింది.